మా వాకిట్లో కప్పిన కండువా

నాకు సొంత ఉద్యోగం ఉంది, సొంత స్కూటీ ఉంది, అద్దెదే అయినా తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉండే గది ఉంది. లేనిదల్లా ఒక మనిషి. కరీంనగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను. పొద్దంతా ఎవరివో మోకాళ్లు, భుజాలు వంచడమే పని. నా మెడ వంచి తాళి కట్టేవాడి కోసం నన్ను కన్న అవ్వ వెతుకుతుంటే, పక్కన కూర్చుని నవ్వేవాడి కోసం నేను వేరే వెతుక్కున్నాను.

వెతుకులాటలో తెలిసిందేమిటంటే, మా దిక్కు ఇప్పుడు కులం తర్వాత అడిగేది జీతం కాదు, పార్టీ. చాయ్ తాగుదామని పిలిచిన ఒకాయన చక్కెర సరిపోయిందా అని అడగకముందే మీ బాపు ఎటు అని అడిగాడు. చెప్పాను. అయినా చాయ్ మొత్తం తాగే వెళ్లాడు. అది ఆయన సంస్కారం.

మా బాపుది చొప్పదండి దగ్గర ఊరు. పొలం కంటే ఎక్కువగా ఆయన సాగుచేసేది పార్టీనే. మా ఇంటి మీద జెండా ఉంటుంది. దాని రంగు ఇక్కడ రాయను. ఎదుటి పార్టీ వాళ్ల ఇంట్లో పెళ్లయితే బాపు వెళ్తాడు, అక్షింతలు వేస్తాడు, అన్నం మాత్రం ముట్టడు. ఆయన సిద్ధాంతం కోసం అవ్వ ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించాలి.

అతను భైంసా మనిషి. పత్తి కొని మిల్లులకు వేస్తాడు. వాళ్ల అవ్వకు భుజం పట్టేస్తే కరీంనగర్‌లో ఉన్న అక్క ఇంట్లో ఉంచి మా క్లినిక్‌కు తీసుకొచ్చేవాడు. తువ్వాలను వీపు వెనక పైనుంచి ఒక చేత్తో, కిందినుంచి ఇంకో చేత్తో పట్టుకుని లాగే కసరత్తు ఆమెకు నేర్పించాను. భుజం తల్లిది, సందేహాలన్నీ కొడుకువి. ఆమె సగం నయమై భైంసా వెళ్లిపోయాక కూడా ఆ సందేహాలు ఫోన్‌లో వస్తూనే ఉన్నాయి. తర్వాత మధ్యలో నిర్మల్ ఉంది కదా అని అక్కడ కలవడం మొదలుపెట్టాం. కొయ్యబొమ్మల దుకాణం ముందు ఎంతసేపు నిలబడినా ఎవరూ అనుమానించరు. అక్కడ కొనేవాళ్ల కంటే చూసేవాళ్లే ఎక్కువ.

అతనికి పార్టీ లేదు. వాళ్ల అన్నకు ఉంది. వార్డుకు నిలబడాలని చూస్తున్నాడు. వాళ్ల ఇంటి మీదా జెండా ఉంది. అది మాది కాదు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంక దాచుకుని తిరగలేక, వచ్చి బాపుతో మాట్లాడమని నేనే అన్నాను. ఆదివారం ఇంట్లోనే ఉంటానని బాపు చెప్పాడు. ఎందుకు ఉంటాడో ఆయన చెప్పలేదు, ఎందుకు అడిగానో నేను చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఊళ్లో, మా వాకిట్లో షామియానా వేస్తున్న చప్పుడుకు లేచాను. పార్టీ పెద్దాయన వస్తున్నాడు, చేరికలున్నాయి అన్నాడు బాపు. చేరిక అంటే పెద్ద తతంగమేమీ కాదు. అటు పార్టీ మనిషిని వరుసలో నిలబెట్టి మెడలో ఇటు పార్టీ కండువా కప్పుతారు. ఫోటో తీస్తారు. చప్పట్లు కొట్టేలోపు ఆ ఫోటో అన్ని గ్రూపుల్లోకి వెళ్తుంది. అంతటితో మనిషి మారిపోయినట్టే.

వెంటనే అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తని మనిషి దొరకాలని ఒకప్పుడు కోరుకున్నదీ నేనే. వంటింట్లో చాయ్ రెండుసార్లు పొంగిపోయింది. పరధ్యానం ఎందుకే అని అవ్వ అడిగితే, నిప్పు ఎక్కువైందన్నాను.

చేరతామన్నవాళ్లలో సగం మంది రాలేదు. పెద్దాయన వాచీ చూసుకుంటున్నాడు. బాపు మొఖం ఎండిపోయింది. సరిగ్గా అప్పుడే, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఒక మనిషి గేటు తీసుకుని వచ్చాడు, అతనే. మా దిక్కు అలాంటి చొక్కాతో వాకిట్లోకి వచ్చినవాణ్ని ఏం పని మీద వచ్చావని అడగరు. నేను చాయ్ పళ్లెంతో గడప దాటేసరికి బాపు స్వయంగా అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వరుస చివర నిలబెట్టాడు. అతను మెడ వంచాడు. కండువా పడింది. నేను తల అడ్డంగా ఊపాను. సిగ్గుపడుతున్నానని అనుకున్నాడేమో, నవ్వాడు. ఫోటోలో ఆ నవ్వే పడింది.

ఏ ఊరు అని బాపు అడిగితే భైంసా అన్నాడు. జిల్లాలు దాటి మరీ వస్తున్నారని పెద్దాయన మైకులో చెప్పుకున్నాడు.

చేతులు కడుక్కునే సాకుతో నల్లా దగ్గరికి వచ్చి, "మీ బాపు మంచిగ మర్యాద చేసిండు" అన్నాడు.

"మర్యాద కాదు. నిన్ను పార్టీల కలుపుకున్నడు. రంగు చూడలేదా?"

"చూసిన." నల్లా కట్టేశాడు. "మొదటిసారి ఇంటికొచ్చిన. మీ బాపు చెయ్యి పట్టుకుని తీస్కపోయిండు. ఎట్ల వద్దంట? గిది తీసేస్తే?"

"ఫోటో దిగినంక తీస్తే రాజీనామా అయితది."

నవ్వించాలనే అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. బాపు చుట్టూ జనం. చెప్పాల్సిన మాట చెప్పకుండానే కండువా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాడు. అతను నిర్మల్ దాటకముందే ఫోటో భైంసా చేరింది.

సాయంత్రం ఫోన్ చేశాడు. అంగట్లో తల ఎత్తుకోలేకుండా చేశావని అన్న ఇల్లు పీకి పందిరేస్తున్నాడట. ఎందుకు పోయావని అందరూ అడిగారట.

"ఏం చెప్పినవ్?"

"పార్టీ మారిన అని చెప్పిన."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అన్న ఆగమాగం అయితుండు. గిప్పుడు నీ సంగతి గూడ చెప్తే ఎట్ల? జర ఆగు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

నాకోసం పార్టీ మారిన మగవాణ్ని చూశానని గొప్పలు చెప్పుకుందామంటే, అతను నాకోసమని చెప్పలేదు. ఒక పిల్ల కోసం వెళ్లానని చెప్పడం కంటే పార్టీ మారానని చెప్పడమే అతనికి తేలికైంది. ఇందులో నవ్వుకోవడానికి చాలా ఉంది. రోగుల మోకాళ్లు వంచుతూ ఆ నవ్వు కోసం వెతికాను. ఫోన్ మోగినప్పుడల్లా అతనే అనుకుని తీసేదాన్ని. తీరా చూస్తే బాపు. భైంసా పిలగాని నంబరు ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోమనేవాడు, మంచి కార్యకర్త అవుతాడట. కనుక్కుంటానన్నాను.

మూడు నాలుగు రోజులకు, క్లినిక్‌లో ఉండగా వాళ్ల అవ్వ ఫోన్ చేసింది. భుజం మళ్లీ బిగిసిందేమో అనుకున్నాను. ఆమె నన్ను బాయి అంటుంది, వాళ్ల దిక్కు అదే పిలుపు.

"బాయీ, మావోడు పార్టీ మారిన అంటుండు. వాడు అంగి రంగు మార్చాలన్నా నన్ను అడుగుతడు. నువ్వు ఆ దిక్కు పిల్లవే కదా. వాడు గాడికి ఎందుకు పోయిండు?"

అతని బదులు నేను చెప్పేస్తే సులువుగా అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఎందుకొచ్చిండో ఆయననే అడుగుండ్రి అమ్మా. ఎందుకు రమ్మన్ననో నేను చెప్త" అన్నాను. చెప్పాను. ఎదురుగా బెంచీ మీద మోకాలికి వేడి కాపడం పెట్టించుకుంటున్న పెద్దమనిషి మర్యాదగా కళ్లు మూసుకున్నాడు, చెవులు మూసుకోలేదు.

అటువైపు ఆమె తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"మీ బాపుకు ఎరుకా?"

"ఇంక చెప్పలే."

"గట్లనా. ఇద్దరూ ఇద్దరే." ఊపిరి వదిలింది. "సోమవారం వస్త. చెయ్యి ఇంక వెనక్కి పోతలేదు."

సోమవారం అతనే తీసుకొచ్చాడు. నా మొఖం చూడకుండా గోడ మీద అతికించిన ఎముకల పటం చూశాడు. వాళ్ల అవ్వ బల్ల మీద కూర్చుని సంచిలోంచి మా పార్టీ కండువా తీసింది. కసరత్తు దీనితోనే చేస్తోందట. తువ్వాల కంటే పొడుగుంది, కావాలని ఇంట్లో ఎవరూ అడగరు కూడా అంది. వీపు వెనక దాన్ని పట్టుకుని లాగుతుంటే పళ్లు బిగపట్టింది.

"అవ్వా, నేను పార్టీ మారలే" అన్నాడు అతను, ఎముకల పటంతోనే. తర్వాత ఇటు తిరిగాడు. "గీమె కోసం పోయిన. వాళ్ల బాపును అడుగుదామని పోయిన. అన్నకు ఇయ్యాల నేనే చెప్త."

"నాకెరుకే. చెయ్యి నొస్తుంది, జర ఆగు" అంది ఆమె. ఇంకొంచెం లాగింది. చెయ్యి ఇంకాస్త పైకి లేచింది. అప్పుడు నావైపు చూసింది. "ఇగ నీ వంతు బాయీ."

వాళ్ల అన్న ఏమంటాడో తెలియదు. బాపు ఏమంటాడో తెలుసు, అదే ఇంకా భయం. ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో బాపుకు ఫోన్ కలిపాను. ఆయన ఫోన్‌కు పార్టీ పాటే పెట్టుకున్నాడు. చరణం కూడా వినాల్సి వచ్చింది.

"చెప్పు బిడ్డా, గా పిలగాని నంబరు దొరికిందా?" అన్నాడు బాపు.

"దొరికింది బాపు. ఈడనే ఉన్నడు" అన్నాను.