కిటికీ గట్టు మీది గ్లాసులు

హిందూపురం చింతపండు మార్కెట్‌లో పులుపు ఆంజనప్ప అంటే తెలియనివాళ్ళు లేరు. స్వభావం చూసి పెట్టిన పేరు కాదది, మనిషి మహా మెత్తన. కరీముల్లా మండీలో ముప్పయ్యేళ్ళుగా ఆయన పని ఒకటే. బస్తాలోంచి చిటికెడు పండు గిల్లి, నాలుక కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పక్కకు తుపుక్కున ఉమ్మి, అది ఏ దిక్కు కాయో, ఈ ఏటిదో, నిరుడు కోల్డ్ స్టోరేజీలో పడుకుని లేచి వచ్చిందో చెప్పడం. "గోరంట్లదప్పా ఇది, వాన తగిలిండాది" అని ఆయన అన్నాడంటే తెచ్చిన రైతు కూడా తల గోక్కుంటూ ఒప్పుకునేవాడు.

అలాంటి నాలుక రెండో విడత కరోనాలో చచ్చిపోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, రుచీ వాసనా మాత్రం తిరిగి రాలేదు. నెల చూశాడు, మూణ్ణెల్లు చూశాడు. చింతపండు నోట్లో వేసుకుంటే తడిగుడ్డ నమిలినట్టు ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కరీముల్లా జాలిపడి, మండీ గేటు దగ్గర ఒక కుర్చీ వేయించి కూర్చోబెడతాడు. ఆ కుర్చీని తలుచుకుంటేనే ఆంజనప్పకు వణుకు. పులుపు పోతే మిగిలేది ఉత్త ఆంజనప్ప, ఆ ఉత్త మనిషి ఎవరో ఆయనకే తెలియదు.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. వేలానికి వచ్చే సరుకు ముందురోజు సాయంత్రమే దిగుతుంది. ఒక్కో రైతు సరుకులోంచి కాస్త తీసి, కాగితంలో చుట్టి, గుర్తు రాసుకుని ఇంటికి తెచ్చేవాడు. "చారుకు ఏది బాగుంటాదో సూడు" అని భార్య జయలక్ష్మమ్మ ముందు పెట్టేవాడు. ఆమె పుట్టిల్లు పెనుకొండ. పెళ్ళికి ముందు పదేళ్ళు కూలికి చింతకాయలు కొట్టి గింజలు తీసిన చెయ్యి ఆమెది. నాలుగు చిన్న గాజుగ్లాసుల్లో నాలుగు రకాలు నానబెట్టి, వంటింటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, వేలు ముంచి చప్పరిస్తూ తన ధోరణిలో తాను మాట్లాడుకుంటూ పోయేది. "ఇది ముదిగుబ్బ దిక్కుది, పులుపు కింద తీపి దాంకోనుండాది. ఇదేందప్పా, పాతసరుకు, ఉప్పు కొట్టినారు." ఆంజనప్ప పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అంతా కంఠతా పట్టేవాడు. మర్నాడు మండీలో కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాడు. అలా రెండు సీజన్లు గడిచిపోయాయి. పెళ్ళాన్ని బురిడీ కొట్టిస్తున్నందుకు కొంచెం గర్వం, చాలా సిగ్గు.

ఇంతలో ఒక వింత జరిగింది. బెంగళూరులో ట్రావెల్స్ కంపెనీలో పనిచేసే కూతురు శైలజ, వాళ్ళ టూరులో రెండు సీట్లు మిగిలాయని అమ్మానాన్నల్ని జార్జియా దేశం పంపింది. ఆ దేశం ఎక్కడుందో ఇద్దరికీ విమానం దిగాక కూడా సరిగ్గా తెలియలేదు. మూడోరోజు ద్రాక్షతోటల సీమకు తీసుకుపోయి, వైన్ రుచి చూపిస్తారన్నారు. జయలక్ష్మమ్మ నెమలికంఠం రంగు ధర్మవరం పట్టుచీర కట్టుకుంది గానీ, "నేను ముట్టను గాక ముట్టను" అని బస్సులోనే తేల్చి చెప్పింది.

అది అక్టోబరు ఎండ. ఎండ అనడానికి కూడా మనసొప్పదు, అంత పలచగా ఉంది. తోట నిండా ద్రాక్షాకులు పసుపూ ఎరుపూ కలిసిన రంగుకు తిరిగి, గాలి లేకుండానే ఒక్కోటీ రాలుతున్నాయి. దూరాన మంచుకొండలు, వాటికి మొదలు కనపడదు, పొగమంచు మీద ఊరికే తేలుతున్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆంజనప్పకు తాను నడుస్తున్నట్టు లేదు, ఎవరో నడిపిస్తున్నట్టుంది. రుచి పోయిన నాటినుంచీ లోకం ఆయనకు కొంచెం కల లాగే ఉంటోంది. ఇక్కడ మొదటిసారి ఆ కల అందంగా కనిపించింది.

చెట్ల కింద పొడవాటి బల్ల, దాని మీద వరసగా గ్లాసులు. జయలక్ష్మమ్మ చూసి కిసుక్కున నవ్వింది. "మన కిటికీ గట్టు మాదిరే ఉండాదే!" ఆంజనప్ప వినపడనట్టు కొండల వైపు చూశాడు.

పుక్కిలించి ఉమ్మడానికి ఒక కుండ పెట్టారు. టూరులో వచ్చిన బెంగళూరు వాళ్ళు సిగ్గుపడి మింగేస్తుంటే, ఆంజనప్ప అలవాటు కొద్దీ రెండడుగుల దూరంనుంచి కుండ నట్టనడుమ పడేట్టు ఉమ్మాడు. తోట యజమాని, మీసాల పెద్దాయన, చప్పట్లు కొట్టాడు. గైడు దినేష్ ఊరుకున్నాడా? "ఈయన మా దేశంలో నాలుకతోనే బతికే మనిషి" అని చెప్పేశాడు. పెద్దాయన కళ్ళు మెరిశాయి. లోపలికి పోయి రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టాడు. రెండూ ఒకే తోట పండ్ల వైనట. ఒకటి స్టీలు పీపాలో మాగింది, ఇంకోటి భూమిలో మెడదాకా పూడ్చిన మట్టి జాడీలో మాగింది. ఏది ఏదో చెప్పాలి.

పదిమందీ ఫోన్లు పైకెత్తారు. ఆంజనప్ప మొదటిది నోట్లో పోసుకున్నాడు. చల్లగా, తడిగా ఉంది. రెండోదీ చల్లగా, తడిగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు, తెరవడానికి ధైర్యం చాలలేదు. ముప్పయ్యేళ్ళ పేరు ఈ పరాయి చెట్ల కింద, పెళ్ళాం కళ్ళ ముందు పోతోంది.

"ఇట్లియ్యి" అంది జయలక్ష్మమ్మ.

గ్లాసు ఆమె చేతిలో ఉంది. వేలు ముంచి చప్పరించింది. తర్వాత, ముట్టను గాక ముట్టనన్న మనిషి, చీర చెంగు సర్దుకుని ఒక గుక్క తాగింది. రెండోదీ తాగింది. పెద్దాయన్ని చూడలేదు, ఫోన్లను చూడలేదు. కిటికీ ముందు నిలబడినట్టే నిలబడి మొగుడితో చెప్పింది.

"ఇది స్టీలుది. పులుపు నేరుగా వస్తాది, వచ్చి ఆడే నిలబడుకుంటాది. ఇది మట్టిలో ఉండింది. మొదటి వాన పడినప్పుడు మా పెనుకొండ కోటగోడ వాసన. దాని కింద తీపి. ఇంకా కిందికి పోతే వగరు. పండిన చింతకాయ పెచ్చు ఊడదీస్తే వస్తాది సూడు, అది."

ఆమె చెబుతుంటే ఆంజనప్ప నోట్లో ఏమీ మారలేదు. కానీ కోటగోడ తడిసింది. పెచ్చు పటుక్కున విరిగింది. ఇరవై రెండేళ్ళ జయలక్ష్మి చింతకాయల రాశి ముందు కూర్చుని తలెత్తి చూసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

దినేష్ అనువాదం చేసేసరికి పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకుని ఆమెకు వంగి దండం పెట్టాడు.

తర్వాత ఇద్దరూ తోట సాళ్ళ మధ్య నడిచారు. చాలాదూరం పోయాక ఆంజనప్ప అడిగాడు. "నీకెప్పుడు తెలిసె?"

"జొరం తగ్గినాక మొదటి ఆదివారం. పులుసులో ఉప్పెయ్యడం మర్సిపోతి. నువ్వు రెండుతూర్లు పోయించుకొని, శానా బాగుండాదే అంటివి."

"మరి అడగలేదే?"

"నువ్వే సెప్తావని సూస్తి. సెప్పకపోతివి. సరేలే, పేపరు ఎనకాల ఇంటాండావని గట్టిగా సెప్తా వస్తి. ఇనపడలేదేమోనని ఒక్కోటి రెండుతూర్లు సెప్పేదాన్ని." ఒక ఆకు ఆమె భుజం మీద పడింది, తీసి చేతిలో పెట్టుకుంది. "నిన్ను అందరూ శబాష్ అంటే నాకు సంతోషమేనప్పా. కానీ ఒక్కతూరి, ఆ మండీలో నిలబడుకోని నా నోటితో నేనే సెప్పల్లని ఉండింది."

రెండేళ్ళుగా ఆంజనప్ప తన రుచి పోయిందని ఏడ్చుకున్నాడే గానీ, ఆమె మాట తాను తినేస్తున్నానని ఒక్కరోజూ అనుకోలేదు. మంచుకొండలు ఇంకా అలాగే తేలుతున్నాయి.

మాఘమాసంలో కొత్తపండు దిగింది. మొదటి వేలం నాడు ఆంజనప్ప భార్యను వెంటబెట్టుకుని మండీకి వచ్చాడు. అందరూ ఉండగానే చెప్పాడు. "కరీముల్లా భాయ్, నా నాలుక పోయి మూడేండ్లు కావస్తాండాది. మీరు ఇన్నాళ్ళూ ఇన్నదంతా ఈమె మాట."

జయలక్ష్మమ్మ ముందున్న బస్తాలోంచి చిటికెడు గిల్లి నాలుక కింద పెట్టుకుంది. పక్కకు ఉమ్మింది.

"నంబులపూలకుంట దిక్కుది. ఈ యేటిదే. పులుపు కింద మాత్రం నిరుటిది తగుల్తాది, కలిపినారు."

రైతు తల గోక్కున్నాడు. కరీముల్లా పాత అలవాటుగా ఆంజనప్ప వైపు చూశాడు.

"నన్నెందుకు సూస్తావు భాయ్? ఆమె సెప్పె కదా" అన్నాడు ఆంజనప్ప.

తనే పోయి గేటు దగ్గర కుర్చీ ఒకటి వేసుకుని కూర్చున్నాడు. అక్కడినుంచి ఆమె గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.