పదకొండుమంది వీరవేణులు

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడమీద, రెండు గదుల్లో, నలుగురు కలిసి ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు. ప్రోగ్రాం రాసే బరువంతా శ్రీదుర్గది. కోనసీమ బడిపంతులుగారి అమ్మాయి, తను రాసిందాంట్లో తప్పుందంటే ఓ పట్టాన ఒప్పుకునే రకం కాదు. 2003లో ఊళ్ళో ఒక ఆసుపత్రి వీళ్ళ ప్రోగ్రాం కొనుక్కుంది. రోగుల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి.

ఎక్కాక చూస్తే, ఒకే మనిషి నాలుగైదు చోట్ల తేలింది. మన జనం సంగతి తెలిసిందేగా, వయసడిగితే ఒకసారి నలభై అంటారు, మళ్ళీ నెలకి ముప్ఫయ్యారంటారు. అందుకని శ్రీదుర్గ వయసు సంగతి వదిలేసి, ఇంటిపేరూ పేరూ ఊరూ కలిస్తే ఒక్కరే అని తేల్చేసింది. వాళ్ళ అగ్రహారంలో ఆ రెండు పేర్లూ కలిసేవాళ్ళు ఇద్దరు లేరు మరి! ఆదివారం ఆసుపత్రికి వెళ్ళి, అలాంటివన్నీ కలిపేసి, చివరగా రాసినవాటిని మాత్రం ఉంచింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది.

సోమవారం పొద్దున్న టీ తాగుతూ ఈ ఘనకార్యం చెబుతుంటే ఉదయ్‌కుమార్ గ్లాసు కింద పెట్టాడు. ప్రోగ్రాంలో తప్పులు పట్టే పని అతనిది. సముద్రపొడ్డున వేటకెళ్ళే కుటుంబంలోంచి వచ్చినవాడు.

"మా ఊళ్ళో వీరవేణులే పదకొండుమందండి," అన్నాడు మెల్లగా. "అమ్మవారి పేరు కదండీ. ఇంటిపేరు కూడా అందరిదీ ఒకటేనండి."

శ్రీదుర్గ కంప్యూటర్ వైపు తిరిగింది. అతనింకా చెబుతున్నాడు. వాళ్ళ పిన్ని వీరవేణికి కాల్లో చేపముల్లు దిగి చీముపట్టిందట, నిన్న రాత్రే ఆ ఆసుపత్రిలో చేర్చారట. ఆవిడకి పెన్సిలిన్ పడదట, ఒకసారి ఇంజక్షన్ చేస్తే ఊపిరాడక చావుదాకా వెళ్ళొచ్చిందట, ఆ సంగతి అక్కడి కాగితాల్లో రాసే ఉందట.

శ్రీదుర్గ, అన్నీ కలిపాక ఆసుపత్రినుంచి తెచ్చుకున్న కాపీ తెరిచింది. ఆ ఊరికి వీరవేణి ఒక్కతే ఉంది, ఎవరో ఇరవై రెండేళ్ళ బాలింత. పడని మందులు 'ఏవీ లేవు' అని ఉంది. కలపకముందు కాపీ కూడా ఉందిగానీ, అది తిరిగి ఎక్కించాలంటే పూట పడుతుంది. వార్డులో ఇంజక్షన్లు పదింటికి మొదలుపెడతారు. అప్పటికి పదికి పావు తక్కువ.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేసినా ఎంగేజే. ఉదయ్‌ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టి, తను కిందికి పరుగెత్తి ఆటో ఎక్కింది. కోటిపల్లి బస్టాండు దగ్గర అరటిగెలల లారీ అడ్డం తిరగడంతో ఆటో ఆగిపోయింది. ఉద్యోగం పోతుందన్న ఆలోచనైనా ఆమెకి రాలేదు. ముక్కూమొహం తెలియని మనిషిని, ఇంట్లో నిద్రపోతూ చంపేశానేమోనని భయపడింది. ద్రాక్షారామం భీమేశ్వరుడికి ఏం మొక్కుకుందో ఆమెకే తెలియదు. దిగి పరుగందుకుంది.

వార్డులో నర్సు సువార్తమ్మ సిరంజిలోకి మందెక్కించి, దూది తడుపుతోంది. మంచంమీద నలభై ఏళ్ళావిడ జబ్బ చూపించి సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఆగండి! ఆవిడకి పెన్సిలిన్ పడదండి," అంది శ్రీదుర్గ రొప్పుతూ.

కంప్యూటర్లో చూసుకునే తెచ్చానని సువార్తమ్మ విసుక్కుంది. ఆ మాట విని శ్రీదుర్గ పేషెంటు వైపు తిరిగింది. పడదని మీరు చెప్పలేదా అని అడిగింది.

"చెప్పానండి," అంది వీరవేణి. "అందులో పడుద్దనే ఉందన్నారండి. అంత మిషనుకి తెలీదా, నేనే మర్చిపోయుంటాను అనుకున్నానండి."

శ్రీదుర్గ మంచంపట్టీ పట్టుకుని కింద కూర్చుంది. "అందులో అలా వచ్చేలా చేసింది నేనేనండి," అంది.

వీరవేణి గబుక్కున రెండు చేతులూ జోడించింది.

"మీరాండీ? మరైతే చేయించేసుకోమంటారా, వద్దంటారా? మీరెలాగంటే అలాగేనండి."

సువార్తమ్మ ఆ సిరంజి పట్టుకెళ్ళి పారేసేదాకా శ్రీదుర్గ వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉంది.