అరచేత్తో తుడిచే కుర్చీ

కౌన్సెలింగ్ గదిలో కుర్చీలు వేయడం ఆయా పని. ఒంటరిగా వచ్చేవాళ్లకు ఎదురెదురుగా రెండు, కుటుంబమంతా వస్తే గుండ్రంగా ఆరేడు. పోయినవాళ్ల బెంగతో వచ్చేవాళ్లకు ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. పోయిన మనిషి అందులో కూర్చున్నట్టే అనుకుని వాళ్లు కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. పదకొండేళ్లుగా గోడ అవతల నుంచి అవన్నీ వింటూ, "కుర్చీతో మాటలేంటో, చోద్యం కాకపోతే" అని మూతి తిప్పుకునేది ఆయా.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కుర్చీలు తుడుస్తున్న ఆయాను డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"అక్కా, అన్ని కుర్చీలూ గుడ్డతో తుడుస్తావు. ఆ ఖాళీ కుర్చీని మాత్రం అరచేత్తో నిమురుతావెందుకు?"

ఆయా చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి తనకే తెలియదు.

"అందులో ఎవరున్నారక్కా?"

"మా చెల్లెలు," అంది ఆయా. "మొగుడి బాధ పడలేక మా ఇంటికొచ్చింది. తలుపు తీయలేదని తిరిగి వెళ్లిపోయింది. ఆ వారంలోనే పోయింది. నేను ఇంట్లో లేనని అందరికీ చెప్పాను."

డాక్టరమ్మ ఖాళీ కుర్చీకి ఎదురుగా తనే ఇంకో కుర్చీ వేసింది.

ఆయా కూర్చుంది. గుడ్డను మెలిపెడుతూ ముందుకు వంగింది.

"ఉన్నానే," అంది. "తలుపు వెనకే ఉన్నాను. నువ్వు మూడుసార్లు పిలిచావు."