కోత పండగ వేలంలో అంబాసిడర్

పాత కారు కొంటే డబ్బు పెరుగుతుందా అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మా ఇంటి ముందు పట్టా కప్పి నిలబెట్టిన అంబాసిడర్‌ని చూసి అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పేద్దామనుకుంటాను, ఒళ్లు మండి మాట రాదు. అందుకే ఆ రోజు విజయనగరం నుంచి పాతపట్నం వైపు వెళ్లొచ్చిన సంగతంతా రాసేస్తున్నాను. అలాంటి కారు కోసం బయల్దేరేవాళ్లకి దారి వివరాలూ పనికొస్తాయి, మా నిర్వాకమూ పనికొస్తుంది.

మా అక్క భర్త సత్యం బావా, నేనూ కలిసి ఒక ఫొటో స్టూడియో నడిపేవాళ్లం. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేశాక, పాస్‌పోర్టు ఫొటోలకి తప్ప మా గుమ్మం ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. పెళ్లి ఆర్డర్లే తిండి పెడుతున్నాయి. సరిగ్గా అప్పుడే షాపు యజమాని కొత్త అగ్రిమెంటుకి లక్షన్నర అడ్వాన్సు అడిగాడు. సోమవారం లోపల కట్టకపోతే పక్కనున్న సెల్‌ఫోన్ల అతనికి ఇచ్చేస్తానన్నాడు. అక్క గాజులు తాకట్టు పెట్టి, చిట్టీ పాడి ఆ డబ్బు తెచ్చి బావ చేతిలో పెట్టింది. మర్నాడే, అంటే శనివారం సాయంత్రం, ఆల్బమ్ తీసుకెళ్లడానికి పాతపట్నం దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. రేపు మా చర్చిలో కోత పండగ, కానుకల వేలంలో ఒక పాత అంబాసిడర్ కూడా వస్తోందని మాటల్లో అన్నాడు. అంతే, బావకి ఆ రాత్రి నిద్ర లేదు.

బావ లెక్క వినడానికి బాగానే ఉంటుంది. పెళ్లికొడుకుని ఊరేగించడానికి పాత కారు, దాని వెంట మన ఫొటోలు, రెండూ కలిపి ఒకటే ప్యాకేజీ. పైగా ఆ కార్లు ఇక తయారు కావు కాబట్టి ఏటేటా రేటు పెరుగుతుందట. నేను చెప్పాల్సింది చెప్పాను. ముహూర్తాలన్నీ ఒకే రోజు పడతాయి, కారు ఒక్కటే కాబట్టి ఒక్క పెళ్లికే వెళ్తుంది, మూఢం వస్తే నెలల తరబడి పట్టా కింద ఉంటుంది. ఆ ముహూర్తం రోజున నువ్వు కెమెరా పట్టుకుంటావా, స్టీరింగ్ పట్టుకుంటావా అని కూడా అడిగాను. చెవిన వేసుకోలేదు. ఊరికే చూసొస్తానని అక్కని ఒప్పించాడు. అక్క ఆయన్ని నమ్మలేదు, నన్ను పిలిచి చెప్పింది. "ఒరే, నువ్వు కూడా ఎల్లు. ఆ డబ్బు కారు మీద పెట్టనీకు. పూచీ నీదే." సరేనన్నాను.

ఆదివారం ఐదున్నర బస్సు ఎక్కాం. విజయనగరం నుంచి నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం మీదుగా శ్రీకాకుళం చేరడానికి గంటన్నర పైనే పడుతుంది. దారిలో బావ నోరు ఆగలేదు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తుందట, పెద్దవాళ్ల పెళ్లిళ్లన్నీ ఇక మన బీచిలోనేనట, మన కారుకి తీరికే ఉండదట. ఇంకా కొనని కారు అప్పుడే మనదైపోయింది. చిల్లర కోసం ఆయన చొక్కా పైకెత్తినప్పుడు నడుముకి బిగించి కట్టిన తువ్వాలు కనిపించింది. లక్షన్నరా అందులోనే ఉంది. ఇంట్లో పెడితే దొంగల భయం అన్నాడు బావ, నా మొహం చూడకుండా.

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో ఇడ్లీ తిని పాతపట్నం బస్సు పట్టుకున్నాం. నరసన్నపేట, సారవకోట మీదుగా వెళ్తుంది. టిక్కెట్టు అప్పట్లో యాభై రూపాయల చిల్లర. కొండలు దగ్గరపడే కొద్దీ దారి అందంగా ఉంటుందని జనం అంటారు, ఉంటుంది కూడా. నా కళ్లు మాత్రం బావ నడుము మీదే ఉన్నాయి. పాతపట్నంలో దిగి, ఆ పల్లెకి నూట ఇరవైకి ఆటో మాట్లాడుకున్నాం. వేలానికే వెళ్తున్నామని తెలిసి ఆటో అతను నవ్వాడు. "డబ్బులు గట్టిగా తెచ్చుకున్నారా? అక్కడ గుమ్మడికాయే వెయ్యి పలుకుతాది." బావ నన్ను మోచేత్తో పొడిచాడు. ఇక్కడి జనం దగ్గర డబ్బుంది, సరుకు విలువ తెలిసినవాళ్లు అని ఆయనకి అర్థమైంది. నాకూ అలాగే అర్థమైంది.

చర్చి ముందు షామియానా వేశారు. వడ్ల బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, అన్నీ ఎవరి పంటలోంచి వాళ్లు దేవుడికి తెచ్చిన కానుకలు. ఒక పక్కన అంబాసిడర్, తెల్లగా, తోమి తోమి పెట్టినట్టుంది. దాన్ని ఇచ్చినావిడ హెప్సిబా అనే రిటైరైన టీచరు. ఆవిడ తండ్రి డాక్టరుగా పనిచేసేటప్పుడు కొన్న కారట. మాకు పొలం లేదు బాబూ, ఈ ఏటికి ఇదే మా పంట అందావిడ. బావ బానెట్ ఎత్తి, ఇంజను స్టార్టు చేయించి, ఆ చప్పుడుకి కళ్లు మూసుకున్నాడు. నేను లోపలి రబ్బరు మ్యాటు ఎత్తి చూశాను. తుప్పు తినేసిన కంతలోంచి కింద గడ్డి కనిపిస్తోంది. పిలిచి చూపిస్తే, చిన్న రేకు ముక్క వేస్తే పోతుందన్నాడు. కాగితాలు మాత్రం సక్రమంగానే ఉన్నాయి.

వేలం మొదలైంది. ముందు ఒక పుంజు వచ్చింది. ఒకాయన ఆరువందలకి పాడి, బల్ల దగ్గరికి వెళ్లి, ఏదో మాట్లాడి, కోడిని అక్కడే వదిలేసి వచ్చాడు. అదే కోడిని మళ్లీ పాడారు. ఇంకొకావిడ ఎనిమిది వందలకి పాడుకుని ఆవిడా వదిలేసింది. మూడోసారి కూడా అదే పుంజు బల్ల మీదకి వచ్చింది. బావ నా చెవిలో గుసగుసలాడాడు. "సూసినావా? రేటు ఎక్కువైపోనాదనుకుంటే ఎనక్కి ఇచ్చీయొచ్చు. మనకేటి రిస్కు?" నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు ఎంతో ఊరటనిచ్చింది. పాడితే పాడనీ, నేను పోరి వెనక్కి ఇప్పించేస్తాను అనుకున్నాను. కారు పాట భోజనాలయ్యాకే అన్నారు. ఆకలి దంచేస్తోంది. బావని అక్కడే కూర్చోబెట్టి, వెనకవైపు భోజనాల పందిరికి వెళ్లాను.

అన్నం, పప్పు, వంకాయ కూర. వడ్డిస్తున్న పెద్దావిడని, ఆ పుంజు చివరికి ఎవరికి దక్కిందని మాటవరసకి అడిగాను. ఇంకా తిరుగుతోందని నవ్వింది. వెనక్కి ఇచ్చినవాళ్లకి డబ్బు ఎప్పుడిస్తారని అడిగాను. ఆవిడ గరిట ఆపి నన్ను వింతగా చూసింది. "డబ్బులెందుకిస్తారు బాబూ? పాడిన డబ్బు దేవుడికి కట్టీసి, కోడిని కూడా దేవుడికే ఇచ్చీడం. ఎంతమంది ఇచ్చీస్తే అంత కానుక. ఇక్కడ పాట కోడికి కాదు."

అదే సమయంలో మైకులో కారు మాట వినిపించింది. మబ్బు పడుతోందని, వాన వస్తుందేమోనని కారు పాట ముందుకి జరిపేశారు. తొంభై వేలు అన్న గొంతు బావది. ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తాను. షామియానా నిండా జనం, నేను ఆడవాళ్ల వరసల వెనక ఇరుక్కుపోయాను. బావకి పోటీగా పాడుతున్నది ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి అట. ఆయన ప్రతిసారీ చిరునవ్వుతో అయిదువేలు పెంచుతున్నాడు. బావ దాన్ని పంతం అనుకుంటున్నాడు. అంత పెద్దాయన అంత పెడుతున్నాడంటే కారు విలువ అంతకంటే ఎక్కువే అనుకుంటున్నాడు. ఆయన కారుకి పాడటం లేదని బావకి చెప్పేవాళ్లెవరు? చెయ్యి ఊపితే అది కూడా పాట అనుకుంటారేమోనని చెయ్యి ఊపడానికీ భయం. లక్షా ముప్పై అయిదు వేలు అన్నాడు బావ. పెద్దాయన చేతులు జోడించి కూర్చున్నాడు. మూడుసార్లూ అడగడం అయిపోయింది, కారు బావ పేరున ఖాయమైంది.

చప్పట్లు ఆగేలోపు బావ తువ్వాలు విప్పి బల్ల మీద కట్టలు పెట్టేశాడు. రేటు మరీ ఎక్కిపోయింది, కారు ఇచ్చేస్తే ఎలాగూ వెనక్కి వచ్చే డబ్బే అని ఆయన ధీమా. పాస్టరుగారు ఎవరి పేరున ప్రార్థన చెయ్యమంటారని అడిగారు. మా ఆవిడ పార్వతి పేరున అన్నాడు బావ. అందరూ తల వంచి కళ్లు మూసుకున్నారు. మా అక్క ఆరోగ్యం కోసం, ఆమె ఇంటి కోసం, ఆమె భర్త వ్యాపారం కోసం ఆ పల్లెంతా ప్రార్థన చేస్తోంది. ఆ నిశ్శబ్దంలో అరవలేను. వంగి, కాళ్ల మధ్య నుంచి, ఎవరి చీరా తొక్కకుండా ముందుకి జరుగుతున్నాను. ఆమెన్ అన్నారు. బావ కళ్లు తెరిచి నన్ను చూశాడు, నా మొహం చూసి నవ్వాడు, కంగారుపడకన్నట్టు చెయ్యి చూపించి మైకు అందుకున్నాడు. "అయ్యగారూ, ఈ కారు నేను..."

"బావా, ఎనక్కి ఇవ్వకు. కారు తీసుకో. తీసుకో బావా," అని అరిచాను.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నిన్నటి నుంచి ఆ కారు వద్దని మొత్తుకుంటున్నవాణ్ని నేనే. బావ దగ్గరికి చేరి చెవిలో సంగతి చెప్పాను. వెళ్లి ఉన్న విషయం చెప్పేద్దాం, మంచివాళ్లలాగే ఉన్నారు, డబ్బు ఇచ్చేస్తారేమో అన్నాను. ఇద్దరం బల్ల వైపు రెండడుగులు వేశాం కూడా. ఇంతలో హెప్సిబా టీచరు వచ్చి బావ చేతులు రెండూ పట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు. నాన్నగారి కారు మంచి ఇంటికి వెళ్తోందని, పార్వతిని రోజూ ప్రార్థనలో తలుచుకుంటానని చెప్పింది. బల్ల దాకా వెళ్లకుండానే ఆవిడ ఇచ్చిన తాళాలు అందుకున్నాం.

మూడు గంటలకి బయల్దేరాం. పాతపట్నంలో వెయ్యి రూపాయల పెట్రోలు పోయించాం. సారవకోట దాటాక బ్రేకు రెండుసార్లు తొక్కితే గాని పట్టడం లేదని తెలిసింది. నరసన్నపేట దగ్గర రేడియేటరు పొంగి, నీళ్లు పోసి, అరగంట రోడ్డు పక్కన నిలబడ్డాం. కాళ్ల కిందున్న కంతలోంచి తడి రోడ్డు పరిగెడుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. చీకటి పడేసరికి ఇల్లు చేరాం. హారను వినగానే అక్క బయటికొచ్చి, కారుని చూసి, బావ నడుముని చూసింది. ఎవులు కొనమన్నారు అని అడిగింది. బావ నా వైపు వేలు చూపించాడు. "నీ తమ్ముడే. అంతమంది ముందు కారు తీసుకో బావా అని అరిసీసినాడు." అబద్ధం అని నేను అనలేకపోయాను. అక్క లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

సోమవారం షాపు సెల్‌ఫోన్ల అతనికి వెళ్లిపోయింది. స్టూడియో ఇప్పుడు మా అక్కావాళ్ల ముందుగదిలో ఉంది, బోర్డు కారు డిక్కీలో ఉంది. మొదటి ఏడాది కారు తొమ్మిది పెళ్లిళ్లకి వెళ్లింది, పెళ్లికి అయిదు వేలు. టైర్లు, రేడియేటరు, బ్రేకులు, కింద రేకు, ఇన్సూరెన్సు కలిపి ఆ నలభై అయిదు వేలనీ తినేసి ఇంకా అడిగింది. విశాఖ నుంచి ఒకాయన వచ్చి అరవై వేలిస్తానన్నాడు. కాబట్టి డబ్బు కోసమైతే పాత కారు కొనకండి. నేను బాధపడేది ధర గురించి కాదు. అక్క గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, కానీ పండక్కి పండక్కి హెప్సిబా టీచరు ఫోను చేసి పార్వతి బాగుందా అని అడిగితే, ఆ అక్కే గదిలోంచి వచ్చి, బాగున్నానండీ, మీ కారు కూడా బాగుందండీ అని చెబుతుంది. ఫోను పెట్టేశాక మాత్రం మా ఇద్దరి మొహాలూ చూడదు.

అటువైపు వేలానికి వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. పాడిన వస్తువు వెనక్కి ఇవ్వడం కనిపిస్తే, చెయ్యెత్తే ముందు ఆ ఇచ్చినవాళ్లు డబ్బు వెనక్కి తీసుకున్నారో లేదో కూడా చూడండి.