దామోదర్ చేత బీడీ తాగించినవారు

నర్సింహులపేట దామోదర్ తన జన్మలో ఒక్క బీడీ కూడా సొంతంగా తాగలేదు. అన్నీ ఎవరో తాగించినవే. పడుచుతనంలో మేనమామ అలవాటు చేశాడట, పెళ్లయ్యాక భార్య సరళ సతాయింపు తాగించిందట. వాన రాకపోతే దిగులుతో, పంట పండితే ధర లేదన్న బాధతో తాగాడట. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఇక చూడాలి ఆయన వైభోగం!

రిలే నిరాహార దీక్ష టెంట్‌లో రోజూ ముందు వరుసలో కూర్చునేవాడు. మెడలో దండ, నోట్లో బీడీ.

"దీక్షల బీడేంది పటేలా?" అని ఊరివాడు పోశాలు అడిగితే, "బీడి తిండారా?" అని గదమాయించేవాడు. ఆహా, తెలివంటే అదీ! మిగతావాళ్లు నవ్వి ఇంకో కట్ట అందించేవారు.

సకల జనుల సమ్మె నాటికి ఎడమకాలి బొటనవేలు నల్లబడింది. హన్మకొండ దవాఖానలో డాక్టర్ తేల్చి చెప్పాడు.

"పొగతోని రక్తనాళాలు మూసుకపోతున్నయ్. బీడి బంద్ చేస్తే కాలు ఉంటది. లేకుంటే తీసేసుడే."

"రాష్ట్రం వచ్చిననాడు మానేస్త సార్. గీ పరేషాన్ల ఎట్ల మానాలె?" అన్నాడు దామోదర్.

కాలు తనది, గడువు మాత్రం ఢిల్లీవాళ్లు పెట్టాలి! సరళ ఏడ్చింది, తిట్టింది, ఇంట్లో ఉన్న కట్టలన్నీ పొయ్యిలో వేసింది. మళ్లీ దవాఖానకు పోదాం రమ్మంటే, సమ్మెలో బస్సులు బంద్ అన్నాడు మహానుభావుడు. అదే రోజు ఊళ్లో దుకాణాలు మూసి ఉన్నాయని, ఎవరి ట్రాక్టరో ఎక్కి దంతాలపల్లి దాకా వెళ్లి బీడీలు తెచ్చుకున్నాడు.

చలికాలం పోకముందే మోకాలి కింద కోసేశారు.

రాష్ట్రం వచ్చింది. సంబరాల సభలో దామోదర్‌ను కుర్చీతో సహా స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. "ఉద్యమానికి కాలునే ఇచ్చిన త్యాగధనుడు" అని మైకులో పొగిడారు. కాదనాలి కదా? తల వంచి దండం పెట్టాడు, సిగ్గులేని మనిషి.

సరళ స్టేజీ ఎక్కి మైకు గుంజుకుంది.

"టెంట్ల బీడీలు మీరిచ్చిండ్రు, గది మీ తప్పే. కని నోట్లె పెట్టుకున్నదెవలు? పానాలిచ్చిన పిల్లల పక్కన గీ కాలును పెట్టకుండ్రి, మీకు దండం పెడుత. రాష్ట్రమైతే వచ్చె. ఇప్పుడు రెండో కాలి వేలు గుడ నల్లగైతున్నది. గది దేనికిస్తున్నడో జర అడుగుండ్రి!"

దామోదర్ పక్కనున్న పోశాలు వైపు వంగి చెయ్యి చాచాడు.

"చూసినవారా? నలుగుట్ల గిట్ల ఇజ్జత్ తీస్తే ఎవడు మానుతడు? ఒకటి ఇయ్యి."