చేపల భోజనం మాత్రమే

నాకు సముద్రం పడదు. ఈ మాట ఏ బ్యాంకు గుమస్తా కొడుకో అంటే ఎవరూ పట్టించుకోరు. సముద్రం ఒడ్డున యారాడలో పుట్టి, తాత కాలం నుంచీ తెప్ప మీద బతికిన ఇంట్లో పెరిగినవాడు అంటే మాత్రం ఊరంతా నవ్వుతుంది. మా అయ్య నన్ను మూడుసార్లు వేటకి తీసుకెళ్లాడు. మూడుసార్లూ ఒడ్డు ఇంకా కనిపిస్తుండగానే నా కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేసింది. మూడోసారి తిరిగొచ్చాక మా అయ్య వల దులుపుకుంటూ, "ఈడి దయ వల్ల సేపలు బలుస్తన్నాయి గానీ వల్లో పడట్నేదు" అన్నాడు. ఆ మాట ఊళ్లో ఏడాది పాటు తిరిగింది. ఎవరింటి ముందు నుంచి నడిచినా, "ఏరా, సేపలకి మేతెట్టొచ్చావా" అని పలకరింపు.

అందుకని నేను హోటలు పెట్టాలనుకున్నాను. అప్పటికి ఎనభైలు మొదలయ్యాయి. ఉక్కు కర్మాగారం కడుతున్నారు. బొబ్బిలి వైపు నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి పల్లెలకి పల్లెలే కూలికి దిగాయి. కట్టేవాళ్లు తినాలి కదా. రోడ్డు పక్కన నాలుగు వెదుళ్లు పాతి, తాటాకు కప్పి, రెండు బల్లలు వేస్తే చాలు, చేపల పులుసు వాసనకి వాళ్లే వస్తారు. ఇదీ నా ఆలోచన.

మా అయ్య అంతా విని ఒకే మాట అన్నాడు. "శివరాత్రి దాకా సూత్తాను. నడిత్తే నీ ఓటలు నీది. నడవకపోతే నోరు మూసుకుని తెప్పెక్కాల."

ఆ రోజు నుంచీ నాకు హోటలంటే వ్యాపారం కాదు, ప్రాణం. ఎందుకంటే తెప్ప తలుచుకుంటేనే నాకు నోట్లో నీళ్లూరేవి, అవి ఆకలి నీళ్లు కావు.

నా గురించి ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. నేను పదో తరగతి పాసయ్యాను. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. దానికి తోడు ముక్కు మీద కోపం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఆ మనిషికి ఎవరూ ఏదీ చెప్పలేరు.

బోర్డు నేనే రాశాను. పాత రేకు మీద, పడవలకి వేసే నీలం రంగుతో. "ఇచ్చట చేపల భోజనం మాత్రమే దొరుకును." ఆ రోడ్డు మీద అప్పటికే పప్పూ సాంబారూ పెట్టే మెస్సు ఒకటి ఉంది. మనం ఆ బాపతు కాదని తెలియాలి. అందుకే 'మాత్రమే' అన్న మాటని మిగతా అక్షరాల కంటే రెండింతలు లావుగా రాశాను. హోటలుకి దర్జా అంతా ఆ ఒక్క మాటలోనే ఉందనుకున్నాను.

ఇక ఎప్పుడు మొదలెట్టాలన్నది. దీనికి నేను ఏ పంతులు దగ్గరకీ పోలేదు. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని, కొండెక్కి దిగి, వీధి వీధీ తిరిగి అమ్ముకొచ్చేది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, కార్తీక మాసం వస్తే చేప ధర పడిపోతుంది. సగం గంప అలాగే ఇంటికి తిరిగొచ్చేస్తుంది. అమ్ముడవనిది ఏం చేస్తాం, తింటాం. మిగతా నెలల్లో చిన్న నెత్తళ్లతో సరిపెట్టుకునే మా ఇంట్లో, కార్తీకంలో మాత్రం రోజూ ఖరీదైన వంజరమే. నా దృష్టిలో కార్తీకం అంటే వంజరం తినే నెల. చేప చవగ్గా దొరికే నెలలో చేపల హోటలు మొదలెట్టడం కంటే తెలివైన పని లోకంలో ఉండదని తేల్చేశాను.

ఆ సంగతి ఇంట్లో చెబుతుంటే అమ్మ పులుసు కలుపుతోంది. గరిటె ఆపి, "ఒరే, కార్తీకం రా, ఒక..." అని ఏదో మొదలెట్టింది.

"నాకు తెల్సమ్మా. కార్తీకంలోనే సేప సవక. సదువుకున్నోణ్ని నాను. నీకేటి తెల్సు, నోర్ముయ్యి" అన్నాను.

అమ్మ నోరు మూసుకుంది. మా అమ్మ నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ పూటకి గెలిచాననే అనుకున్నాను. ఇప్పుడా మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదలెట్టింది కూడా సోమవారం. కార్తీక సోమవారం. అంతకంటే చక్కగా ఎవరూ మునగలేరు. వంజరం పులుసు, చందువ వేపుడు, గంగాళం నిండా అన్నం. మధ్యాహ్నం సైరను మోగింది. ఎదురుగా రోడ్డు మీద కూలీల గ్యాంగు వస్తోంది, నలభై మంది. ముందు వాళ్ల మేస్త్రి. బుంగ మీసం, మెళ్లో తువ్వాలు. నా గుండె చేపలా ఎగిరింది.

మేస్త్రి తాటాకు కిందకి తల దూర్చాడు. "ఏటుంది బావా?"

"వంజరం పులుసు బావా. సందువ ఏపుడు."

అతను కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. చాలాసేపు పీల్చాడు. ఆ తర్వాత కళ్లు తెరిచి ఒక అడుగు వెనక్కేశాడు. "కార్తీకం కద బావా."

"అయితే?"

"అయితే ఏటి, తినం."

"ఎవులు తినరు?"

అతను వెనక్కి తిరిగి నలభై మందినీ ఒకసారి చూసి వచ్చాడు. "ఎవులూ తినం. ఈ నెల్లాళ్లూ తినం."

అక్కడ నిలబడి ఉండగానే నాకు, పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి కార్తీకంలో తిన్న వంజరమంతా ఒక్కసారిగా అర్థమైంది. చేప చవగ్గా ఎందుకుంటుందో నేను ఒక్కనాడూ అడగలేదు. కొనేవాడు లేకే చవక. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఊరందరికీ తెలుసు.

"పోనీ, పప్పన్నం ఉందా?" అని మేస్త్రి మంచిగానే అడిగాడు.

నేను బోర్డు చూపించాను. అతనికి చదువు రాదు. "ఏటి రాసుంది?" అన్నాడు. నేను గట్టిగా చదివి వినిపించాను. 'మాత్రమే' దగ్గర ఇంకాస్త గట్టిగా. "మంచిది బావా" అని అతను నలభై మందినీ తోలుకుని ఎదురు మెస్సులోకి వెళ్లిపోయాడు.

బుద్ధున్నవాడైతే ఆ సాయంత్రమే కందిపప్పు నానేసుండేవాడు. నేను నానెయ్యలేదు. పప్పు వండితే ఎదురు మెస్సువాడికి దణ్ణం పెట్టినట్టేనని నా పంతం. నెలంతా చేపలే వండాను. ఈగలు తోలుకున్నాను. ఆ రోడ్డు మీద కుక్కలు మా పులుసు తిని ఎంత నిగనిగలాడేవంటే, సైకిలు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు.

అమ్మ రోజూ గంప తెచ్చేది. బస్సులో గంప ఎక్కనివ్వనన్న కండక్టరుతో ఊరికి వినబడేలా పోట్లాడి, గెలిచి, దిగి, నా షెడ్డులో గంప దింపి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయేది. కండక్టరుకి దక్కిన మాటలు నాకు దక్కలేదు. ఇల్లు చేరాక కూడా అంతే. అన్నం వడ్డించేది, నోరు విప్పేది కాదు. కోపం వచ్చి తిట్టినా బాగుండుననిపించేది.

పోలి పాడ్యమి నాడు ఆడవాళ్లు దీపాలు నీళ్లలో వదిలేశారు. హమ్మయ్య, కార్తీకం వెళ్లిపోయింది. మర్నాడు రెండు గంగాళాలు వండాను. సైరను మోగింది. గ్యాంగు వచ్చింది. నలభై మందీ నల్లబట్టల్లో ఉన్నారు. మెళ్లో మాలలు, కాళ్లకి చెప్పుల్లేవు. మేస్త్రి ఈసారి తాటాకు కిందకి రాలేదు, రోడ్డు అవతలే ఆగిపోయి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"సామీ," అన్నాడు. నిన్నటిదాకా బావని. "మాల ఏసుకున్నాం. మండలం దాకా ఇటు రాం. నువ్వు ఎదురు సూత్తావని సెప్పడానికొచ్చాను."

"నలబైమందీనా?"

"నాను ఏసుకుంటే ఆళ్లూ ఏసుకున్నారు సామీ."

ఇంకెవరి మీద అరవాలో తెలియలేదు. మనిషి మర్యాదకి వచ్చి చెప్పి వెళ్లాడు, అరవడానికి కూడా సందు ఇవ్వలేదు. బోర్డు ఊడదీసి సైకిలుకి కట్టుకుని ఇంటికొచ్చేశాను. మా అయ్య ఆ రేకుని అటూ ఇటూ తిప్పి చూసి, కోళ్లగూటి మీద కప్పాడు. "శివరాత్రి దాకా అన్నాను. కానీ ఇంక దేనికి, రేపు రా" అన్నాడు. వస్తానన్నాను.

ఆ సాయంత్రం కోళ్లగూటి పక్కన కూర్చున్నాను. అమ్మ గంప కడుగుతోంది.

"అమ్మా, ఆ రోజు ఏటో సెప్పబోయావు. కార్తీకంలో ఎవులూ సేపలు తినరనే కదా?"

అమ్మ గంప బోర్లించింది. "నోరు తెరవొచ్చా?" అంది.

"తెరువమ్మా."

"అది నీకు తెల్దని నాకెలగ తెలుత్తాదిరా? సంటిగుంటడికి కూడా తెల్సు. సదివినోడివి, తెల్సుండీ పెడతన్నావంటే ఏదో ఉందనుకున్నాను."

"మరేటి సెప్పబోయావు?"

"కార్తీకం రా, ఒక పక్కన పప్పు కూడా పడెయ్ అని. పప్పు కోసం వచ్చినోల్లే నెల తిరిగితే సేపకొస్తారు కదా. నీ సెయ్యి బాగుంటాది, రుసి మరిగితే ఇంక ఒగ్గరు. అది సెప్పబోతే నోర్ముయ్యన్నావు."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి కోళ్లని అదిలించాను. అమ్మ కోళ్లగూడు కేసి చూసింది. "అవునూ, ఆ రేకు మీద ఏటి రాసున్నావు? నెల్లాళ్లు దాని కిందకే గంప మోసినాను, ఏటుందో తెల్దు."

చదివాను.

"మాత్రమే అంటే?"

"ఇంకేటీ నేదని."

అమ్మ గంప గోడకి చేరేసింది. "ఏ కొట్టోడైనా ఉన్నది రాసుకుంటాడు గానీ, నేదన్నది రాసుకున్నావేటిరా?"

తెల్లారి మా అయ్య తెడ్డు భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి వాకిలంతా కోళ్లు తిరుగుతున్నాయి. గూటి మీద రేకు లేదు. అది నా ఒళ్లో ఉంది. కిరసనాయిలు గుడ్డతో తోముతున్నాను. లావుగా రాశాను కదా, సగమే పోయింది, చేతులన్నీ నీలం.

"ఏటి సెరుపుతన్నావు?" అన్నాడు అయ్య.

"ఒక మాట. శివరాత్రికి ఇంకా టైముంది కదా అయ్యా."

అయ్య నా వైపూ రేకు వైపూ చూశాడు. "ఉంది" అన్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "సేపలకి ఇయ్యేళ పస్తే" అనుకుంటూ ఒడ్డుకి దిగిపోయాడు.

వెనక నుంచి అమ్మ, "ఒరే, పప్పంటే ఊరికే..." అని ఏదో మొదలెట్టింది. నా నోటి దాకా మాట వచ్చింది. మింగేశాను. గుడ్డ పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగి కూర్చున్నాను. నెల్లాళ్ల మాటలు పేరుకుపోయున్నాయి, చాలాసేపు చెప్పింది.