కుడి నుంచి చదవాల్సిన ఎద్దు

ఇరవై ఏళ్లుగా శనివారం భజనలో మా నాన్న ముందుండి పాడే పాటను నేను నాలుగు బొమ్మలతో ఆపించాను. తుఫానుకు ఆగని పాట అది. చలిజ్వరానికి ఆగలేదు. పంటినొప్పితో ఆయన బుగ్గ బూరెలా పొంగిన వారం కూడా ఒకవైపు నుంచే పాడాడు తప్ప ఆపలేదు. అలాంటిది, కూతురు బొమ్మలు గీయడం నేర్చుకుంటే ఆగిపోయింది. ఎలాగో చెబుతాను. మొదట్లో నవ్వొస్తుంది, మొహమాటపడకుండా నవ్వండి. కొంతదూరం దాకా నాకూ నవ్వే వస్తుంది.

మాది క్రోసూరు దగ్గర పల్లె. మిరప, పత్తి. అప్పట్లో నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నా గురించి ముందుగా ఒక మాట: నేను భక్తురాలిని, ఇప్పటికీ అంతే. ఏడేళ్లకే మా ఊరి రామమందిరంలో నాన్న పక్కన కూర్చుని పారాయణం విన్నాను. పదేళ్లకు శ్లోకాలు అప్పజెప్పాను. పదిహేనేళ్లకు, ఎవరైనా శ్లోకం తప్పు చదివితే నిండు సభలో లేచి దిద్దడం మొదలుపెట్టాను. ఈ మూడోది భక్తి కిందికి రాదని తెలియడానికి చాలా కాలం పట్టింది.

హాస్టల్లో నా గదిలో స్వాతి అనే అమ్మాయి ఉండేది. ఒకరోజు ఒక లావు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. జపానులో ఒక రైతు కూతురు తన ఇంటి సేద్యాన్నే బొమ్మల కథగా గీసిందట. ఒకటి కాదు, ఏళ్ల తరబడి సంపుటాలకు సంపుటాలు. ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. దేవుడి పటం ముందు కూర్చుని మొదటి పేజీ తెరిచాను. పంట కోస్తున్నారు. తర్వాత పూత వచ్చింది. ఆ తర్వాత విత్తనాలు వేస్తున్నారు. నేను చేతులెత్తి దండం పెట్టాను.

"చూశావా స్వాతీ, ఎంత ముందున్న దేశమో! ముందు కోసుకుని, తీరిగ్గా విత్తనం వేసుకుంటున్నారు."

స్వాతి నెత్తి కొట్టుకుంది. "నీ మొహం! అది ఎనక నుంచి తెరవాలి. బొమ్మలు కుడి నుంచి ఎడమకి చూడాలి. వాళ్ల పద్ధతి అది."

అంతే, నాకు దీక్ష పట్టింది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, రోజుకు ఇన్ని పేజీలని ఆ సంపుటాలన్నీ పారాయణం చేశాను. ఆ అమ్మాయి తన నాన్నను, తన పశువులను, తమ ఇంటి తిట్లను కూడా దాచకుండా గీసింది. ఇది కదా సత్యం చెప్పడమంటే అనిపించింది. నేనూ మా ఇంటి సేద్యం గీస్తాను, అదీ కుడి నుంచి ఎడమకే అని నిశ్చయించుకున్నాను. ఎడమ నుంచి గీస్తే మైల పడుతుందన్నంత పట్టుదల. కొత్తగా మాల వేసుకున్నవాడికి కూడా అంత నిష్ఠ ఉండదు.

గీయడానికి కథ కూడా సిద్ధంగానే ఉంది. మా బుడ్డోడి కథ.

బుడ్డోడంటే మా ఎద్దు. పేరే బుడ్డోడు, మనిషి మాత్రం మినీ లారీ అంత. ఎద్దును మనిషి అంటున్నానేమిటని అనుకోకండి. మా ఇంట్లో వాడిని పశువని అన్నవాళ్లకు ఆ పూట మజ్జిగ ఉండేది కాదు. వాడి జోడీ ఎప్పుడో పోయింది. దుక్కి అంతా ట్రాక్టరు చేసేస్తోంది. వాడికేమో ముందుకాలు పడిపోతోంది. ఆ ఏడు సాగరు కాలువ నీళ్లు మా పొలాల దాకా రాలేదు, ఊళ్లో ఎక్కడా మేత లేదు. ఒకరోజు నాన్న ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, బుడ్డోణ్ణి సంతకి తోలుకుపోయా. కబేళా లారీవాడొచ్చి తాడు పట్టుకున్నాడు."

"అయ్యో నాన్నా!"

"నా వల్లగాలా. మెడ కావలిచ్చుకుని ఏడిశా. మళ్లా నడిపిచ్చుకుంటా పోయి అమరావతి రోడ్డులో గోశాల ఉంది గదా, ఆడ ఇడిచొచ్చా. మేత మేస్తన్నాడు."

సెలవులకు వెళ్లినప్పుడు "ఒకసారి చూసొద్దాం నాన్నా" అంటే, "వద్దులే, మనల్ని చూస్తే బెంగపెట్టుకుంటాడు" అన్నాడు. ఎంత మెత్తని మనసో అని నేను కళ్లొత్తుకుని ఆ మాటను డైరీలో కూడా రాసుకున్నాను.

నాలుగు గళ్లు గీశాను. కుడి చివర మొదటి గడి: లారీ పక్కన సంత బేరగాడు, వాడి చేతిలో తాడు. రెండోది: నాన్న బుడ్డోడి మెడ పట్టుకుని ఏడుస్తున్నాడు. మూడోది: ఇద్దరూ రోడ్డు మీద నడుస్తున్నారు. నాలుగోది, ఎడమ చివర: బుడ్డోడు గడ్డి మేస్తున్నాడు, మెడలో నేను సొంతంగా కలిపి గీసిన బంతిపూల దండ. ఒక్క మాట కూడా రాయలేదు. బొమ్మే మాట్లాడాలని నా గర్వం.

మందిరంలో ఏకాదశికి ప్రత్యేక భజన పెట్టారు. అదీ శనివారమే వచ్చింది. నాన్నకు చెప్పకుండా ఆ బొమ్మలను నరసరావుపేటలో ఫ్లెక్సీ వేయించాను. పెళ్లి ఫ్లెక్సీ అంత పొడవు. ఆయన వచ్చేలోపే మందిరం ముందు మండపం గోడకు కట్టించి, లోపల కూర్చుని పూలు గుచ్చుతున్నాను. బయట జనం మెచ్చుకుంటున్న గుసగుసలు వినిపిస్తున్నాయి. మెచ్చుకోలు అని అనుకున్నది నేను.

వీధిలోని రాఘవమ్మ పెద్దమ్మ లోపలికి వచ్చింది. ముక్కు మీద వేలుంది.

"ఏమే కోటేశూ, మీ నాయన ఎద్దుని గోశాలలో ఇడిచానన్నాడు గదే?"

"అవును పెద్దమ్మా. బయట బొమ్మ చూడలేదా?"

"చూశా గాబట్టే అడగతన్నా. దండేశాడు, మేత పెట్టాడు, నడిపిచ్చుకుపోయాడు, ఏడిశాడు, ఆకరికి లారీవాడి చేతిలో పెట్టాడు. సొంత కూతురువి, నువ్వు అబద్ధం గీస్తావా?"

నా చేతిలో దారం తెగింది. ఊరంతా ఎడమ నుంచి చూసింది! మన అక్షరాలు ఎటు నడుస్తాయో ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

పరుగున బయటికి వచ్చేసరికి నాన్న భజన తాళాలు తీసుకోవడానికి చెయ్యి చాస్తున్నాడు. మందిరం పెద్ద అంజయ్య బాబాయి తాళాలు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎంకటేశ్వర్లన్నాయ్, ఏమనుకోమాక. ఇయ్యాళ తాళాలు నీకియ్యలేను. నోరు లేని జీవాన్ని లారీ ఎక్కిచ్చి, వచ్చి సామి ముందర ఎట్టా పాడతావు?"

నాన్న ఫ్లెక్సీ వంక చూశాడు. ఆయన మొహంలో రంగు లేదు. నాకు మాత్రం ఆవేశం ముంచుకొచ్చింది. సభలో ఎవరో శ్లోకం తప్పు చదివినట్టే, దిద్దాలి! హారతి పళ్లెం పక్కనున్న అగరుబత్తి పుల్ల తీసుకుని ఫ్లెక్సీ ముందు నిలబడ్డాను.

"అందరూ వినండి! ఇది జపాను పద్ధతి. కుడి నుంచి ఎడమకు చదవాలి."

"కుడంటే మన కుడా, బొమ్మ కుడా?" అన్నారు ఎవరో.

"మన కుడే!"

"మనం అటు తిరిగి కూకుంటేనో?"

సగం మంది మెడలు తిప్పారు, సగం మంది ఒళ్లే తిప్పారు. ఒక ముసలాయన స్వామి వైపు వీపు పెట్టాడని పక్కవాళ్లు గదమాయించారు. రాఘవమ్మ పెద్దమ్మ "మాకు కుడి నుంచి తెలిసింది ప్రదక్షిణమొకటే" అని మూలిగింది. నేను ప్రవచనం చెప్పేవాళ్ల ధాటిని అరువు తెచ్చుకుని గడి గడికీ పుల్ల ఆనించి చెప్పుకొచ్చాను. లారీ, కన్నీళ్లు, నడక, గోశాల. జనం కళ్లు తుడుచుకున్నారు. గెలిచాను!

అంజయ్య బాబాయి తలొంచుకుని వచ్చి తాళాలు రెండు చేతులతో ముందుకు పెట్టాడు. "తప్పయిపోయింది అన్నాయ్. చూడటం రాక అన్నా. పట్టుకో."

నాన్న పట్టుకోలేదు.

"పట్టుకో నాన్నా" అన్నాను నేను, పుల్ల ఇంకా ఎత్తి పట్టుకునే.

"అంజిగా, మీరు చూసిందే నిజం" అన్నాడు నాన్న. "ఆ పిల్ల నేను చెప్పినట్టే గీసింది. తిరగేసి చెప్పింది నేను."

అందరూ మెడలు తిప్పడం మానేశారు.

"మొదలు గోశాలకే పోయా. ఆడ గడ్డి కాస్త పెట్టారు. నిండిపోయింది, చోటు లేదన్నారు. బతిమాలా. లేదంటే లేదన్నారు. ఆణ్ణించి సంతకి నడిశాం ఇద్దరం. దోవలో మెడ పట్టుకుని ఏడిశా. ఆకరికి లారీ." కుడి చివరి గడి వంక చూశాడు. "లారీ ఎక్కనని మొరాయిచ్చాడు. నలుగురు అదిలిచ్చినా అడుగెయ్యలా. నేను 'పద నాయనా' అన్నా. ఎక్కాడు. నా గొంతు ఇని ఎక్కాడు."

నేను అగరుబత్తి పుల్ల దించేశాను.

"అప్పట్నించి ఇదే గొంతుతో ఈడ పాడతన్నా. నువ్వడిగింది సరైన మాటే అంజిగా. ఇంక పాడను."

అంజయ్య బాబాయి "అన్నాయ్, మా దొడ్లో ఎద్దులు మాత్రం యాడికి పోయినయ్ అనుకున్నావు?" అన్నాడు గాని, ఎవరికీ వినపడనంత చిన్నగా అన్నాడు. పక్కనే ఉన్నాను గనక నాకు వినిపించింది. తాళాలను స్వామి పాదాల దగ్గర పెట్టాడు. ఆ రోజు ఎవరూ వాటిని తీయలేదు.

ఇప్పుడు భజనకు అంజయ్య బాబాయే ముందుండి పాడుతున్నాడు. శ్రుతి సగం దాకా వెళ్లి కూలబడుతుంది. నాన్న ప్రతి శనివారం వస్తాడు. గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూర్చుని చప్పట్లు కొడతాడు. పెదవులు కదలవు. నేను ఎన్నిసార్లు బతిమాలినా "స్వామికి తెలుసులే అమ్మా" అంటాడు. స్వామికి మొదటి నుంచీ తెలుసు. తెలియనిది నాకు. పైగా పుల్ల పట్టుకుని ఊరందరికీ చెప్పాను కూడా.

అందుచేత పెద్దలారా, స్నానం చేసి, తూర్పుకు తిరిగి, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నిండు సభలో లేచి ఎవరినీ దిద్దను, ఆఖరికి శ్లోకం తప్పు చదివినా సరే. మా నాన్న ఏదైనా కథ చెబితే దాన్ని కాగితం మీదికి ఎక్కించే ముందు, ఆయన ఎదురుగా కూర్చుని "ఆ తర్వాత ఏమైంది నాన్నా?" అని అడగను. "అంతకుముందు ఏమైంది?" అని అడుగుతాను.